అల అంచున బతికే ఎండ్రకాయ

ఎండ్రకాయ మనకు కొత్త కాదు. పొలం గట్టు బొక్కలో, వాగులో రాయి కింద ఉంటది. కోస్తావాళ్ళు దీన్నే పీత అంటారు. నేను చెప్పేది మనలో చాలామంది చూడని ఒక సముద్రపు జీవి గురించి.

పోయిన జనవరిలో మా తరగతి విహారయాత్రకు విశాఖపట్నం వెళ్ళింది. సముద్రం చూడటం నాకదే మొదటిసారి. అల వెనక్కి పోయినప్పుడు తడి ఇసుక మీద ఇంగ్లీషు ‘వి’ అక్షరం లాంటి గీతలు కనపడినయి. అక్కడ తవ్వితే గుడ్డు ఆకారంలో, బొటనవేలి కొసంత జీవి దొరికింది. సైన్స్ సారు దాని సంగతి చెప్పారు.

పేరు: ఇంగ్లీషులో మోల్ క్రాబ్. శాస్త్రీయ నామం ఎమెరిటా. రొయ్యలు, పీతల లాగే ఇది కూడా క్రస్టేషియా వర్గంలోనిది. కానీ అసలు పీత కాదు. ఖాళీ శంఖంలో కాపురముండే సన్యాసి పీతకు దగ్గరి చుట్టం. దీనికి కరిచి పట్టే కత్తెర కాళ్ళు లేవు.

నివాసం: అల వచ్చిపోయే ఆ కొద్దిమేర ఇసుకే దీని ఇల్లు. ఆటుపోట్లను బట్టి నీటి అంచుతో పాటే పైకీ కిందికీ జరుగుతుంది. తోక వైపు నుంచి ఇసుకలోకి దూరి, ముఖం సముద్రం దిక్కు పెట్టి కూర్చుంటది.

ఆహారం: అల వెనక్కి పోయేటప్పుడు ఈకల్లాంటి రెండు స్పర్శశృంగాలు చాచి, నీటిలోని ప్లవకాలను వడకట్టి తింటది. వాగుకు అడ్డంగా మనం వల కట్టినట్టే. ఆ గీతలు పడేది అందుకే.

సంతానం: ఆడవి పెద్దవి, మగవి బాగా చిన్నవి. తల్లి నారింజ రంగు గుడ్లను పొట్ట కింద మోస్తుంది. పిల్లలు డింభకాలుగా వారాల తరబడి సముద్రంలో తేలి, తర్వాత ఒడ్డు చేరతాయి. మన వాగు ఎండ్రకాయ అట్ల కాదు. దాని పిల్లలు గుడ్డులోంచే బుల్లి ఎండ్రకాయలై వస్తాయి.

నా తప్పు: హాస్టల్లో తమ్ముళ్ళకు చూపిద్దామని ఒకదాన్ని సీసాలో వేసి మూత పెట్టిన. ఇసుక వేసిన, సముద్రపు నీళ్ళే పోసిన. రాత్రి బస్సులో చూస్తే చచ్చిపోయి ఉంది. ఏడుపొచ్చింది. సారు తిట్టలేదు. “ఇసుక తెచ్చినవ్, నీళ్ళు తెచ్చినవ్, అలను ఎట్ల తెస్తవురా? మూత పెట్టిన సీసాలో దానికి ప్రాణవాయువు ఎక్కడిది?” అన్నారు.

ఆవాసం అనే మాట పుస్తకంలో చదివిన గానీ అర్థమైంది ఆరోజే. అందుకే సీసా చూపించడానికి బదులు ఇది రాసిన. ఈసారి వాగుకు పోతే ఎండ్రకాయ బొక్కను చూడండి, తవ్వకండి.

ప్రశ్నలు:
1. ఎమెరిటా ఇసుకలోకి ఏ వైపు నుంచి దూరుతుంది?
2. దీని డింభకాలకు, మన వాగు ఎండ్రకాయ పిల్లలకు తేడా ఏమిటి?

– 9వ తరగతి విద్యార్థి