పోటీ పరీక్షల ప్రత్యేకం: సుస్థిరాభివృద్ధి – జీవామృతం డ్రమ్ము

ఐక్యరాజ్యసమితి 2015 సెప్టెంబరు 25న ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు 17, ఉపలక్ష్యాలు 169, గడువు 2030. ఇవి 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఈ రెండు తేదీల దగ్గరే చాలామంది తడబడతారు.

అంకెలు వదిలి నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కొత్తపల్లె లాంటి పల్లె నుంచి చూస్తే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములో 10 కిలోల ఆవుపేడ, ఆవుమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టుమీది పిడికెడు మన్ను వేసి, రోజూ కర్రతో కలియదిప్పితే జీవామృతం. వాసన మాత్రం ఓర్చుకోవాలి! ఎరువుల ఖర్చు తగ్గించడం, నేలలో సూక్ష్మజీవులను పెంచడం దీని ఉద్దేశం. ఆకలి (2), వాతావరణం (13), నేల (15) లక్ష్యాలు మూడూ ఇక్కడే కలుస్తాయి.

జీవామృతం లాంటి వాటితో సాగే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని ఆంధ్రప్రదేశ్‌లో నడిపేది రైతు సాధికార సంస్థ. మహిళా స్వయం సహాయక సంఘాలే దాని బలం. 2024లో ఈ కార్యక్రమం గుల్బెంకియన్ బహుమతిని శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెమ్‌లతో పంచుకుంది. కేంద్రం 2024 నవంబరు 25న రూ.2,481 కోట్లతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది.

సుస్థిరాభివృద్ధి లక్ష్యాల (ఎస్‌డీజీ) సాధనలో రాష్ట్రాలకు ర్యాంకులిచ్చే ఎస్‌డీజీ ఇండియా సూచీ నీతి ఆయోగ్‌ది, తొలిసారి 2018లో వచ్చింది.