ఫోటో కింద రాసే మాట



పదోతరగతి అయ్యాక ఏమైతవని అడిగితే మనం టీచర్, నర్సు, కానిస్టేబుల్ అంటాం. అవన్నీ మంచి పనులే. ఈ సంచికలో ఇంకో పని గురించి రాస్తున్నాను. సేవాసంస్థల్లో ప్రచార విభాగం అని ఒకటుంటుంది. అందులో పనిచేసేవాళ్లు ఊళ్లు తిరిగి, మనుషుల కథలు విని, రాసి, ఫోటోలు తీసి, దాతలకు చెబుతారు. కథ చెప్తేనే చందా వస్తుంది. చందా వస్తేనే బడి, దవాఖానా నడుస్తాయి.

నాకీ ఆలోచన ఎట్లా వచ్చిందంటే, నేను ఊర్లో ఐదో తరగతి చదివేటప్పుడు ఒక సంస్థవాళ్లు నోటుబుక్కులు పంచడానికి వచ్చారు. ఫోటో తీసే ఆయన "చెప్పులు ఇడువు బాబూ, నవ్వకు" అన్నాడు. అట్లనే నిలబడ్డాను. మరుసటి ఏడు వాళ్ల కాగితం మీద నా ఫోటో వచ్చింది. కింద "దిక్కులేని పిల్లవాడు" అని ఉంది. మా బాపు అది చదివించుకొని ఏమీ అనలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ నోటుబుక్కుల్లోనే నేను ఎక్కాలు రాసుకున్నాను, అది నిజం. కానీ నాకు బాపు ఉన్నాడు, అదీ నిజమే.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. మూడు ఉదాహరణలు చూడండి.

1) ఇథియోపియా: 1984లో ఆఫ్రికాలోని ఈ దేశంలో పెద్ద కరువు వచ్చింది. అక్టోబరులో బీబీసీ టీవీ ఆకలితో ఉన్నవాళ్లను చూపించింది. ప్రపంచం కదిలింది. 1985 జులై 13న లండన్, ఫిలడెల్ఫియా నగరాల్లో పెద్ద పాటకచేరీలు పెట్టి విరాళాలు పోగుచేశారు. బొమ్మలకు అంత బలం ఉంది. అయితే చాలామంది చూసింది ఎండిన నేల, ఎముకలు తేలిన పిల్లలనే. వానల్లేక పోవడంతో పాటు అక్కడ యుద్ధం కూడా జరుగుతోందని వాళ్లకు సరిగా తెలియలేదు. ఆఫ్రికా అంటే చేయి చాచే ఖండమనే ముద్ర పడింది. దీనిమీద చర్చ జరిగి, 1989లో ఐరోపా సేవాసంస్థలు బొమ్మలు, సందేశాలు ఎట్లా ఉండాలో ఒక నియమావళి రాసుకున్నాయి.

2) షర్బత్ గుల: 1984లో పాకిస్తాన్‌లోని పెషావర్ దగ్గర అఫ్ఘాన్ శరణార్థుల శిబిరంలో, గుడారం బడిలో ఉన్న ఒక అమ్మాయిని స్టీవ్ మెకరీ ఫోటో తీశాడు. 1985 జూన్‌లో అది నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అట్టమీద వచ్చింది. లోకమంతా ఆ కళ్లను చూసింది గాని పేరు ఎవరికీ తెలియదు. 2002లో వెతికి పట్టుకున్నాకే ఆమె పేరు షర్బత్ గుల అని తెలిసింది. అప్పటిదాకా ఆ ఫోటోను ఆమె చూడనే లేదు. అంటే 17 ఏళ్లు! ఆ తర్వాత ఆ పత్రికవాళ్లు అఫ్ఘాన్ ఆడపిల్లల చదువుకోసం ఒక నిధి పెట్టారు. మంచిదే. పేరు అడగడం మాత్రం మొదటి రోజే చేయాల్సిన పని.

3) ఖబర్ లహరియా: 2002లో ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో పల్లె ఆడవాళ్లు, ఎక్కువగా దళిత స్త్రీలు, తమ బుందేలీ భాషలో పెట్టిన పత్రిక ఇది. 2009లో యునెస్కో అక్షరాస్యత బహుమతి వచ్చింది. వీళ్లమీద తీసిన సినిమా 2022లో ఆస్కార్ పోటీ దాకా పోయింది. అప్పుడు కూడా వాళ్లు "సినిమాలో చూపించింది మా పనిలో కొంత భాగమే" అని నిర్భయంగా రాశారు. మెచ్చుకునే కథలో కూడా తప్పుంటే చెప్పొచ్చని దీన్నిబట్టి నేర్చుకోవాలి.

పాటించాల్సిన పద్ధతులు:

* ముందు అడగాలి, వాళ్ల భాషలో అడగాలి. వద్దన్నా కూడా సాయం ఆపొద్దు.
* పేరు అడిగి సరిగా రాయాలి. దాచమంటే దాచాలి. నేరానికి గురైన పిల్లల పేరు, ఫోటో, బడి బయటపెట్టొద్దని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది.
* కష్టం ఒక్కటే కాదు, కారణం కూడా రాయాలి. వాళ్లు చేసుకుంటున్న ప్రయత్నం కూడా రాయాలి.
* లేనిది కలపొద్దు. ఉన్న చెప్పులు విడిపించొద్దు.
* రాసింది వాళ్లకు చదివి వినిపించాలి. అచ్చయ్యాక ఒక ప్రతి ఇవ్వాలి.

నిజం రాస్తే చందా రాదని కొందరంటారు. నా ఫోటో కింద ఇట్లా రాసి ఉంటే ఎట్లుండేదో చూడండి: "ఈ బాబు రోజూ మూడు కిలోమీటర్లు నడిచి బడికొస్తాడు. వాళ్ల నాన్న పత్తి వేస్తే ఈసారి వానకు పోయింది. నోటుబుక్కు లేక పలకమీద లెక్క చేసి, తుడిచి, మళ్లీ చేస్తున్నాడు." ఇందులో అబద్ధం లేదు. మా బాపు దీన్ని మడిచి దాచేవాడు కాదు, పదిమందికి చూపించేవాడు.

ఈ పనికి ఎట్లా తయారుకావాలి? ఇంటర్ తర్వాత డిగ్రీ, ఆపైన జర్నలిజం గాని సోషల్ వర్క్ గాని చదవొచ్చు. ఉస్మానియా యూనివర్సిటీలో జర్నలిజం విభాగం ఉంది. జీతం అన్నిచోట్లా సర్కారు కొలువంత ఉండదు, ముందే తెలుసుకోవాలి. మనకు గోండీ, కొలామీ, లంబాడీ వచ్చు. పట్నం నుంచి వచ్చినవాళ్లకు రానిది అదే. దీపావళి సెలవులకు ఊరికి పోయినప్పుడు అవ్వ దగ్గర కూర్చొని ఒక కథ రాసుకోండి. రాసింది ఆమెకు చదివి వినిపించండి. "అట్ల కాదు బిడ్డా" అంటే దిద్దండి. రేపు కొలువుకు పోయిన చోట "మీ కాగితం మీదున్నవాళ్లకు ఆ కాగితం చూపించారా?" అని అడగండి. అబద్ధం రాయమంటే రాయనని చెప్పగలగాలి. ఆ పూట కష్టంగానే ఉంటుంది.

వార్డెన్ సారుకు మనవి: ఇకమీదట ఎవరైనా ఫోటోలకు వస్తే, ముందు మమ్మల్ని, మా అమ్మానాన్నలను అడగమని చెప్పండి సార్. కింద ఏం రాస్తారో కూడా చూపించమనండి.

ప్రశ్నలు (జవాబులు రాసి మానిటర్‌కు ఇవ్వండి)
1. షర్బత్ గుల ఫోటో విషయంలో జరిగిన పొరపాటు ఏమిటి?
2. 1989లో ఐరోపా సంస్థలు నియమావళి ఎందుకు రాసుకున్నాయి?
3. మీ ఫోటో కింద మీరే మూడు వాక్యాలు రాయండి. మీ అమ్మానాన్నలకు చదివి వినిపించగలిగేలా ఉండాలి.

– 10వ తరగతి విద్యార్థి