ఆఫీసుకు ముందూ తర్వాతా ఆప్టిక్స్

చెన్నై నుంచి విజయవాడ, విశాఖల మీదుగా వచ్చే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణం హుగ్లీ నది పడమటి గట్టున షాలిమార్‌లో ముగుస్తుంది. నది దాటి కొంత దూరం వెళితే బౌబజార్. ఉద్యోగం చేస్తూ పీజీ స్థాయి ఆప్టిక్స్ చదవాలనుకునేవారికి ఆ వీధిలో ఒక పాత కథ ఉంది.

విశాఖలో బాల్యం గడిపిన సి.వి. రామన్ 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా వచ్చారు. అప్పటికి ఆయన వయసు 18. 210, బౌబజార్ స్ట్రీట్‌లో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ బోర్డు కనబడింది. పొద్దున్నే అక్కడ, పగలు ఆఫీసు, సాయంత్రం మళ్లీ అక్కడ. బదిలీల మీద రంగూన్, నాగపూర్ వెళ్లి వచ్చిన కాలం పోగా, 1917లో ప్రొఫెసర్ అయ్యేవరకూ ఇదే వరస. పాఠం చెప్పే గురువు లేడు. పుస్తకాలు, పత్రికలతో సరిపెట్టుకున్నారు. కానీ ప్రయోగాల బల్ల, సాయం చేసే అశుతోష్ డే లేకపోతే ఆ చదువు సాగేది కాదు.

ఈనాటి దూరవిద్యలోనూ లోటు అక్కడే. పాఠాలకు కొదవ లేదు: ఎన్‌పీటీఈఎల్ వీడియోలు ఉచితం, అజయ్ ఘటక్ పుస్తకం ఎక్కడైనా దొరుకుతుంది. దొరకనిది బల్లే. కొంతవరకు దాన్ని ఇంట్లోనే వేసుకోవచ్చు.

మిల్లీమీటరు గీతలు చెక్కిన స్టీలు స్కేలును బల్ల అంచున పెట్టండి. ఎర్ర లేజర్ పాయింటర్ కిరణాన్ని గీతల మీదుగా దాదాపు స్కేలును రాసుకుంటూ పోయేలా వేయండి. (కిరణం గానీ, దాని ప్రతిబింబం గానీ ఎవరి కంట్లోనూ పడకూడదు.) 3 మీటర్ల దూరంలోని గోడ మీద చుక్కల వరస కనిపిస్తుంది. మామూలుగా పరావర్తనం చెందిన చుక్క స్కేలు తలానికి 6 సెం.మీ. ఎత్తున ఉంటే, తర్వాతివి సుమారు 12.4, 16.4, 19.7 సెం.మీ. దగ్గర పడతాయి. ఎడం సమానంగా లేదు, చూశారా? కాంతి ఏటవాలుగా పడటమే కారణం. రామన్ 1906లో, విద్యార్థిగా ఉండగానే, ప్రచురించిన మొదటి పరిశోధనా పత్రం కూడా ఏటవాలు కాంతి వల్ల వివర్తన పట్టీలు అసమానం కావడం గురించే.

పరావర్తన కోణం, చుక్క కోణాల కొసైన్ల తేడాను గీతల మధ్య దూరంతో గుణించి, చుక్క వరస సంఖ్యతో భాగిస్తే కాంతి తరంగదైర్ఘ్యం వస్తుంది. ఎర్ర లేజర్‌కు అది 650 నానోమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. ఆర్థర్ షాలో 1965లో ఈ పద్ధతిని వివరించారు. మొదటిసారే సరిగా రాదు. స్కేలు తలం గోడను ఎక్కడ తాకుతుందో గుర్తించడంలోనే చాలామంది తప్పుతారు. స్కేలు తీసేసినప్పుడు కిరణం పడే చోటికీ, పరావర్తన చుక్కకీ సరిగ్గా మధ్య బిందువు అది.

మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ మాత్రం ఇంట్లో నిలబెట్టడం కష్టం. పక్క గదిలో అడుగుల చప్పుడుకే దాని పట్టీలు చెదిరిపోతాయి. కోర్సులో చేరేముందు సిలబస్ కన్నా ముందుగా ప్రయోగశాల ఏ ఊళ్లో ఉందో, దానికి ఎన్నాళ్లు సెలవు పెట్టాలో అడగండి.