కొండవాలు మీద ఈతకొలను: ముందు వాననీటికి దారి, తర్వాతే గునపం

విశాఖపట్నంలో ఎండాడ, మధురవాడ, రుషికొండ వైపు ఇళ్లు కొండవాలు ఎక్కుతున్నాయి. అక్కడ జాగా ఉన్నవాళ్లకు ఒక కోరిక సహజం. సముద్రం కనబడేలా చిన్న ఈతకొలను, దాని పక్కన సాయంత్రం నలుగురూ కూర్చునే అరుగు, ఓ మూల పొయ్యి, చుట్టూ మొక్కలు. కోరిక మంచిదే. అయితే చదునైన నేల మీద కొలను కట్టిన లెక్కలు కొండ మీద పనికిరావు.

ఒక చిన్న లెక్క చూడండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.3 మీటర్ల లోతు ఉన్న ఇంటి కొలనులో సుమారు 41,600 లీటర్ల నీళ్లు పడతాయి. బరువు దాదాపు 42 టన్నులు. ఆ కొలనుకు ఎగువన 500 గజాల వాలు ఉందనుకుందాం. వాయుగుండం పట్టిన రోజు 10 సెంటీమీటర్ల వాన కురిస్తే ఆ వాలు మీద పడే నీళ్లు సుమారు 41,800 లీటర్లు. అంటే మరో కొలనెడు నీళ్లు ఒక్క రోజులో మీ మీదికి దిగుతాయి. కొంత పైపైన పారుతుంది, కొంత నేలలో ఇంకుతుంది. ఆ ఇంకినదే గోడల వెనక చేరి కూర్చుంటుంది.

లోపలి నీళ్లకు కాంక్రీటు తొట్టి కడుతున్నాం. బయటి నీళ్లకు ఏం కడుతున్నాం? కొండ మీద పనంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. డ్రాయింగులు, ఊచల లెక్కలు స్ట్రక్చరల్ ఇంజినీరు చేయాల్సిందే. ఏ పని తర్వాత ఏ పని, ఎవరిని ఏం అడగాలి, ఎక్కడ రాజీ పడకూడదు అన్నది మాత్రం ఇంటి యజమానికి తెలిసి ఉండాలి.

అడుగు 1: కాగితాలు చూసుకోండి

కొండ జాగాలకు చిక్కులు ఎక్కువ. సర్వే నంబరు 22-ఏ రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందేమో, అటవీ హద్దుకు తగులుతుందేమో చూడండి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు అయితే సీఆర్‌జెడ్ అనే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. ప్లాను అనుమతి జీవీఎంసీ నుంచా, వీఎంఆర్‌డీఏ నుంచా అన్నది జాగాను బట్టి ఉంటుంది. ఇంటి ప్లానులోనే కొలను, మట్టిని ఆపే రిటైనింగ్ గోడలు కూడా చూపించి అనుమతి తీసుకోండి. అరకు, పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. ఎవరేం చెప్పినా అక్కడ బయానా ఇవ్వకండి.

అడుగు 2: ఒక వానాకాలం కొండను చూడండి

జాగా కొన్న వెంటనే జేసీబీ పిలవకండి. వీలైతే ఒక వానాకాలమంతా ఆగండి. వాన పడుతుండగానే వెళ్లి చూడండి. నీళ్లు ఏ దారిన వస్తున్నాయి? మీ జాగాలో ఎండిన గెడ్డ ఏదైనా ఉందా? వాన వెలిసిన మూడు రోజులకు కూడా ఎక్కడైనా ఊట కారుతోందా? చెట్ల మొదళ్లు దిగువకు వాలి ఉన్నాయా? ఎగువన నేల నెర్రె విచ్చి ఉందా? చివరి రెండూ కనిపిస్తే ఆ వాలు మెల్లగా జారుతుండవచ్చు.

చుట్టుపక్కల పాతకాపులను అడగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు ఇక్కడ నీళ్లు ఎటు పోయాయో వాళ్లకు గుర్తుంటుంది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు కూడా ఒకసారి వెళ్లి రండి. నిలువు గోడల్లా కనిపించే ఆ లోయలను కోసింది ప్రధానంగా వాననీరే. దారి చూపకపోతే నీరు తన దారి తానే కోసుకుంటుందని అక్కడ కళ్లారా చూడొచ్చు.

అడుగు 3: వాలు కొలవండి, మట్టి పరీక్ష చేయించండి

మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో వాలును మీరే సుమారుగా కొలవొచ్చు. అడ్డంగా 5 మీటర్లు పోయేసరికి 1 మీటరు దిగితే ఓ మోస్తరు వాలు. 3 మీటర్లకే 1 మీటరు దిగుతుంటే నిట్టవాలు కిందే లెక్క. అక్కడ మట్టి శాస్త్రం తెలిసిన జియోటెక్నికల్ ఇంజినీరు లేకుండా అడుగు వేయకండి.

విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండే రాయి ఖోండలైట్. తూర్పు కనుమల ఖోందు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది. హైదరాబాద్ జూబ్లీహిల్స్ గ్రానైటు లాంటిది కాదిది. ఎండకూ వానకూ త్వరగా చివికి ఎర్రమట్టిగా మారుతుంది. పైన గట్టిగా కనిపించిన చోట గజం లోతున మెత్తగా ఉండొచ్చు. అందుకే కొలను వచ్చే చోట ఎగువన ఒకటి, దిగువన ఒకటి, కనీసం రెండు బోర్లు వేయించి మట్టి పరీక్ష చేయించండి. రిపోర్టులో మూడు సంగతులు అడగండి: గట్టి పొర ఎంత లోతున ఉంది, మట్టి ఎంత బరువు మోస్తుంది, ఊటనీరు ఎక్కడ తగిలింది.

అడుగు 4: కొలను ఎక్కడో తేల్చండి

ఇక్కడ ఒకటే సూత్రం. కొలను సగం కోసిన నేల మీద, సగం పోసిన మట్టి మీద ఉండకూడదు. పోసిన మట్టి ఎంత దిమ్మిస కొట్టినా కొంత కుంగుతుంది, కోసిన నేల కుంగదు. ఆ రెంటి సరిహద్దులోనే తొట్టి చిట్లుతుంది. కొలను మొత్తాన్నీ కోసిన గట్టి నేల మీదకు జరపండి. సముద్రం కనబడాలని ముందుకు తేవాల్సి వస్తే స్తంభాలో పైల్సో వేసి బరువును గట్టి పొర దాకా దించండి.

కొలను పొడవును వాలుకు అడ్డంగా పెట్టండి. కోత తగ్గుతుంది, గోడల ఎత్తూ తగ్గుతుంది. మిగతా జాగాను ఒకే పెద్ద చదునుగా కాకుండా రెండు మూడు మెట్లుగా విడగొట్టండి. శ్రీకాకుళం, ఒడిశా సరిహద్దు కొండల్లో సవరలు తరతరాలుగా వరి మడులను ఇలాగే రాతి కట్టలతో మెట్లు మెట్లుగా కట్టుకుంటూ వస్తున్నారు. నీరు ఒక మడి నుంచి కింది మడికి నెమ్మదిగా దిగుతుంది తప్ప దూకదు. మీ పెరడుకు అంతకంటే మంచి నమూనా లేదు.

అడుగు 5: మొదటి కట్టడం ఎగువ కాలువ

తవ్వకం కంటే ముందు జాగా ఎగువ హద్దు పొడవునా కాంక్రీటు కాలువ కట్టించండి. కొండ నీళ్లు మీ జాగాలోకి రాకముందే పక్కకు మళ్లాలి. చిన్న జాగాకు అడుగు వెడల్పు, అడుగు లోతు చాలు. నూరు మీటర్లకు కనీసం ఒక మీటరు వాలు ఉంచండి. నీళ్లు నిటారుగా దిగే చోట మెట్ల కాలువ చేస్తే వేగం విరుగుతుంది. చివరన అవి పబ్లిక్ డ్రెయిన్‌లోనో సహజమైన గెడ్డలోనో కలవాలి. దిగువ ఇంటి గోడ మీదికి వదిలితే అది అన్యాయం, నేరం కూడా కావచ్చు.

ఇంకుడు గుంత మంచిదని మనందరం నేర్చుకున్నాం. చదునైన నేల మీద అది నిజం. కొండవాలు మీద కొలనుకు ఎగువన, రిటైనింగ్ గోడ వెనక మాత్రం ఇంకుడు గుంత తవ్వకండి. గోడ మీదికి నీళ్లను మనమే తోసినట్టవుతుంది.

అడుగు 6: తవ్వకం, రిటైనింగ్ గోడలు

సంక్రాంతి తర్వాత తవ్వకం మొదలుపెట్టి, నైరుతి వానలు వచ్చేలోగా గోడలు లేచేలా చూసుకోండి. కొండ పాదాన్ని ఒకేసారి నిలువునా కోసేయకండి. మూడు మీటర్లు కోసి, మూడు మీటర్లు వదిలి, కోసినచోట గోడ కట్టాక మిగిలింది కోయండి. రాయి తగిలితే బ్లాస్టింగ్ వద్దు, బ్రేకర్ వాడండి. పేలుడు అదురుకు పక్కన ఉన్న రాళ్ల పొరలూ వదులవుతాయి. కోత కింద కూలీలు కూర్చోకుండా, వాన పడితే పని ఆగేలా ముందే చెప్పి ఉంచండి. తవ్విన మట్టిని దిగువ వాలు మీదికి తోసేయడం చాలాచోట్ల జరిగే తప్పు. ఆ వదులు మట్టి మొదటి పెద్ద వానకే జారుతుంది.

గోడ ఎత్తు రెట్టింపైతే మట్టి తోపుడు నాలుగింతలవుతుంది. గోడను బోర్లా తోసే బలం ఎనిమిదింతలవుతుంది. అందుకే 3 మీటర్ల గోడ ఒకటి కట్టే బదులు 1.5 మీటర్ల గోడలు రెండు కట్టడం మేలు. రెండింటి మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి. ఆ 3 మీటర్ల ఎడమే మీరు కోరుకున్న అరుగు అవుతుంది.

గోడ వెనక నీళ్లు నిండితే తోపుడు రెట్టింపు దాటుతుంది. గోడకూ మట్టికీ మధ్య అడుగు మందాన కంకర, కంకరలోకి మట్టి రాకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ, అడుగున చిల్లుల గొట్టం, గోడలో ప్రతి ఐదడుగులకు ఒక 3 లేక 4 అంగుళాల వీప్ హోల్, అంటే నీళ్లు బయటికి కారే రంధ్రం. ఈ నాలుగింటిలో ఏదీ వదలకండి. ఘాట్ రోడ్ల పక్కన కనిపించే గేబియన్లు, అంటే రాళ్లు నింపిన తీగ బోనులు, తోటలో చిన్న గోడలకు బాగుంటాయి. వాటిలోంచి నీరు తనంతట తానే బయటికి వచ్చేస్తుంది. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా పీవీసీ పూత ఉన్న తీగ తీసుకోండి.

అడుగు 7: కొలను తొట్టి

ఇంజినీరును రెండు పరిస్థితులకు లెక్క కట్టమనండి. ఒకటి, కొలను నిండుగా ఉండి దిగువ గోడకు బయట మట్టి ఆసరా లేనప్పుడు. రెండు, కొలను ఖాళీగా ఉండి ఎగువ గోడ వెనక మట్టి నానిపోయి ఉన్నప్పుడు. వానాకాలంలో ఖాళీ చేసిన కొలనును కింది ఊటనీరు పైకి లేపగలదు. అడుగు స్లాబు కింద కంకర పొర, అందులోంచి దిగువకు తెరుచుకునే గొట్టం, కొలను అడుగున హైడ్రోస్టాటిక్ రిలీఫ్ వాల్వ్ ఉండాలి.

నీళ్లు నిలిపే కట్టడాలకు ఐఎస్ 3370 ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆర్‌సీసీ కాంక్రీటు కనీసం ఎం30. అడుగు స్లాబూ గోడలూ కలిసే జాయింట్లలో పీవీసీ వాటర్ స్టాపర్ పెట్టాలి. గొట్టాలన్నీ కాంక్రీటు పోయకముందే అమర్చాలి. తర్వాత చిల్లు కొడితే అక్కడే లీకు. పోశాక కనీసం 14 రోజులు తడి ఆరనివ్వకండి.

అడుగు 8: టైల్స్ కంటే ముందు నీళ్ల పరీక్ష

వాటర్‌ప్రూఫింగ్ పూత ఆరాక, టైల్స్ వేయకముందు, కొలను నింపి వారం రోజులు ఉంచండి. నీళ్లు నింపిన బకెట్‌ను కొలను మెట్టు మీద పెట్టి, లోపలా బయటా నీటి మట్టాలకు గీతలు పెట్టండి. ఎండకు రెండూ తగ్గుతాయి. కొలను ఎక్కువ తగ్గితే లీకే. లీకు వల్ల మట్టం రోజుకు ఒక్క సెంటీమీటరు తగ్గినా మొదట లెక్క చూసిన కొలను నుంచి 320 లీటర్లు కొండలోకి పోతున్నట్టు. చదునైన నేల మీద అది నీళ్ల బిల్లు. వాలు మీద అది కిందివాళ్ల ఇంటికి ముప్పు.

అడుగు 9: ఇన్ఫినిటీ అంచు, యంత్రాలు

సముద్రంలో కలిసిపోయినట్టు కనిపించే ఇన్ఫినిటీ అంచుకు కొండ సరైన చోటు. అంచు పొడవునా మట్టం 2, 3 మిల్లీమీటర్లకు మించి తేడా రాకూడదు. వస్తే నీళ్లు ఒకవైపే పొర్లుతాయి. కింద పట్టుకునే తొట్టి, పంపు ఆగినప్పుడు దిగే నీళ్లతోపాటు అందరూ ఒకేసారి కొలనులోకి దిగినప్పుడు పొర్లే నీళ్లకూ సరిపోవాలి. మొదటి కొలను కట్టేవారు మామూలు అంచుతో సరిపెట్టుకున్నా అందం ఏమీ తగ్గదు.

మొదట లెక్క చూసిన కొలనుకు గంటకు 7,000 లీటర్లు తోడే పంపు ఉంటే 6 గంటల్లో నీళ్లన్నీ ఫిల్టర్ గుండా ఒకసారి తిరుగుతాయి. ఫిల్టర్ కడిగిన నీళ్లు వాలు మీదికి కాదు, డ్రెయిన్‌లోకి పోవాలి. నీళ్లలో దీపాలు 12 వోల్టులవే పెట్టించండి. మొత్తం లైనుకు కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ లేకుండా ఒక్క రోజు కూడా వాడకండి.

అడుగు 10: అరుగులు, మెట్లు, మొక్కలు

నేలకు నునుపు రాయి వద్దు. నల్ల కడప బండ ఎండకు కాలుతుంది, పాలిష్ చేస్తే తడికి జారుతుంది. గరుకు చేసిన లేత రంగు గ్రానైటు మేలు. అరుగు నేలకు ఎగువ గోడ వైపు కాకుండా కాలువ వైపు వాలు ఇవ్వండి. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు, వెడల్పు 30 ఉంటే పెద్దవాళ్లు కూడా తేలిగ్గా ఎక్కుతారు. అంచుల్లో రెయిలింగ్ కనీసం 1 మీటరు ఎత్తున, చువ్వల మధ్య సందు 10 సెంటీమీటర్లకు మించకుండా ఉండాలి. సముద్రం దగ్గర కాబట్టి 316 గ్రేడు స్టీలు అడగండి. కొలను చుట్టూ 4 అడుగుల కంచె, దానంతటదే మూసుకునే గేటు పెట్టండి. పిల్లలున్న ఇంట్లో దీని తర్వాతే ఏ అలంకారమైనా.

విడిచిపెట్టిన వాలును నగ్నంగా ఉంచకండి. వట్టివేరు వరసలుగా నాటితే వేళ్లు మీటర్ల లోతుకు దిగి మట్టిని కుట్టేసినట్టు పట్టుకుంటాయి. ఈ కొండలకు అలవాటైన జీడిమామిడి కాస్త దూరంగా బాగుంటుంది. రావి, మర్రి మాత్రం గోడల దగ్గరికి రానివ్వకండి.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి

కొటేషన్ తీసుకునేటప్పుడు కాలువలు, గోడలు, పునాదులకు ఒక పట్టిక, కొలనుకు ఒకటి, అరుగులూ అలంకారాలకు ఒకటి విడివిడిగా రాయించండి. కొండ మీద మొదటి పట్టికే పెద్దదైతే ఆశ్చర్యపోవద్దు. డబ్బు చాలకపోతే మూడో పట్టికలో కోత పెట్టండి, కొలను చిన్నది చేయండి. మొదటి పట్టికలో ఒక్క గీత కూడా కొట్టేయకండి. ఈ ఏడు గోడలూ కాలువలూ కట్టి, ఒక వానాకాలం పరీక్షించి, వచ్చే ఏడు కొలను కట్టుకోవడం ఎంతో తెలివైన పని.

కట్టాక

జూన్‌కు ముందు, మళ్లీ అక్టోబరు తుపానులకు ముందు కాలువలో ఆకులు తీయించండి. తుపాను హెచ్చరిక వస్తే కొలను ఖాళీ చేయకండి. మట్టం కాస్త తగ్గించి ఉంచితే చాలు.

ఇక తొలి పెద్ద వాన పడ్డ రోజు గొడుగు వేసుకుని గోడ కిందికి వెళ్లి వీప్ హోల్స్ చూడండి. ఎర్రగా కాకుండా తేటగా నీళ్లు కారుతుంటే కంకర, గుడ్డ, గొట్టం తమ పని చేస్తున్నట్టే. ఎర్రనీళ్లు వస్తే వెనక మట్టి కొట్టుకుపోతోంది. రెండు రోజులు వాన దంచినా అవి పొడిగానే ఉంటే నీళ్లు లోపలే ఆగిపోతున్నాయి. ఈ రెంటిలో ఏది కనిపించినా ఆ రోజే ఇంజినీరుకు ఫోన్ చేయండి. తేటనీళ్లు కారుతున్నాయా, ఇంట్లోకి వెళ్లి నిశ్చింతగా పడుకోండి. కింది ఇంటివాళ్లూ నిశ్చింతగా పడుకుంటారు.