పాత పికప్ బండి – పొగ గొట్టం పాఠం

తమ్ముళ్లూ! రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారో మీరు సైన్సులో చదివే ఉంటారు. అదే పాఠం మన వేంసూరు రోడ్ల మీద రోజూ తిరుగుతోంది. పామాయిల్ గెలలు నింపుకొని అశ్వారావుపేట ఫ్యాక్టరీకి పోయే పాత పికప్ బండ్ల ఇంజనులో ఉంది అది. మన హాస్టల్లో చదివి ఇప్పుడు స్టీరింగ్ పట్టిన అన్నలకూ పనికొస్తుందని రాస్తున్నాను.

సిలిండర్లలో మండిన పొగ బయటికి వస్తూ ముందుగా చేరేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోకి. అన్ని సిలిండర్ల పొగనూ ఒక దారిలో కలిపే బీడు భాగమిది. ఆ తరువాతే టర్బో, సైలెన్సర్. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆ పొగ వేడి 600 డిగ్రీలు దాటవచ్చు.

ఇప్పుడు లెక్క. బీడు దైర్ఘ్య వ్యాకోచ గుణకం సుమారు 0.000011. మానిఫోల్డ్ పొడవు 500 మిల్లీమీటర్లు, అది 500 డిగ్రీలు వేడెక్కింది అనుకోండి. మూడింటినీ గుణిస్తే 2.75 మిల్లీమీటర్లు. అంత సాగుతుంది. దాన్ని బిగించిన ఇంజను హెడ్డును లోపలి నీళ్లు చల్లబరుస్తాయి కాబట్టి అది అంత సాగదు. ఒకటి సాగుతానంటుంది, ఒకటి కదలనంటుంది. మధ్యలో నలిగేవి స్టడ్లు. నడిమి నుంచి దూరం పోయేకొద్దీ కదలిక ఎక్కువ కనుక సాధారణంగా ముందు తెగేవి రెండు చివరలవే. ఏళ్ల తరబడి ఇలా జరిగితే, తుప్పు కూడా తోడైతే, స్టడ్డు తెగక ఏం చేస్తుంది?

పొద్దున స్టార్ట్ చేయగానే టక టక శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గిందంటే అనుమానించండి. లోహం సాగి సందు మూసుకుంటుంది, అంతే. జబ్బు పోలేదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. ప్యాకింగ్ దగ్గర నల్లటి మసి చారలున్నా అదే గుర్తు. అశ్రద్ధ చేస్తే వేడి పొగ హెడ్డు అంచును తినేస్తుంది. ప్యాకింగ్‌తో పోయే పని హెడ్డు దింపేదాకా వస్తుంది. టర్బోకు చేరాల్సిన పొగ ముందే కారిపోతే పికప్ తగ్గి డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. డీజిల్ బండిలో ఇది పెట్రోలు బండి కంటే తక్కువే, కానీ మూసిన క్యాబిన్‌లోకి కారే పొగ ఏదైనా ప్రమాదమే. తలనొప్పి, మగత అనిపిస్తే బండి ఆపి, దిగి, గాలిలో నిలబడాలి. ఇంజను ఆన్‌లో ఉంచి అద్దాలు మూసి నిద్రపోవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇక జాగ్రత్తలు. లోడు దించి వచ్చిన వేడి ఇంజను మీద నీళ్లు కొట్టకండి, బీడు పగులుతుంది. వానాకాలం వాగు దాటే ముందు కూడా ఇంజనును కాస్త చల్లారనివ్వాలి. సైలెన్సర్‌ను పట్టుకునే రబ్బర్లు తెగితే దాని బరువంతా మానిఫోల్డ్ మీద పడుతుంది. చిన్న రబ్బరే కదా అని తీగ కట్టి వదిలేస్తారు, అది చాలదు. ఇంజను కింది మౌంటింగులు కుంగినా ఇదే తంటా. తుప్పు పట్టిన స్టడ్డును బలంతో తిప్పొద్దు. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచాలి. కొత్త ప్యాకింగ్ వేస్తే ఇంజను చల్లగా ఉన్నప్పుడే, నడిమి నుంచి చివరలకు, టార్క్ పానాతో కంపెనీ పుస్తకంలో రాసినంతే బిగించాలి. ఇంకాస్త గట్టిగా ఉంటే మంచిదని తిప్పితే లోహం కదలడానికి చోటుండదు. వారం తిరిగాక బండి పూర్తిగా చల్లారనిచ్చి, బిగువు మరోసారి చూడండి.