కుళాయి మూతిలో చిన్న జల్లెడ

పిల్లలూ! మీ ఇంట్లో లీటరు సీసా ఒకటీ, సెకండ్ల ముల్లున్న గడియారం ఒకటీ ఉన్నాయా? అయితే ముందు ఒక పని చెయ్యండి. చేతులు కడుక్కునేటప్పుడు కుళాయిని ఎంత తిప్పుతారో అంతే తిప్పి, సీసాను కింద పెట్టండి. ఎన్ని సెకండ్లలో నిండింది? ఆ సంఖ్యతో 60ని భాగించండి. నిమిషానికి ఎన్ని లీటర్లు పడుతున్నాయో తెలుస్తుంది. (పట్టిన నీళ్లు పారబొయ్యకండి. మొక్కలకు పొయ్యండి.)

అయిదు సెకండ్లలో నిండిందనుకుందాం. అంటే నిమిషానికి 12 లీటర్లు. కుళాయి కట్టకుండా రెండు నిమిషాలు పళ్లు తోముకుంటే 24 లీటర్లు పోయినట్టే. పుక్కిలించడానికి నిజంగా కావలసినవి చెంబెడు నీళ్లే కదూ?

కుళాయి కట్టెయ్యడం అన్నిటికంటే మంచి ఉపాయం. దానికి ఖర్చు కూడా లేదు. కాని గిన్నెలు కడిగేటప్పుడు అమ్మకో నాన్నకో రెండు చేతులకూ సబ్బు ఉంటుంది. మాటిమాటికీ కట్టడం కుదరదు. అలాంటి చోట పనికివచ్చేదే ఏరేటర్. బొటనవేలంత ఉండే ఈ పరికరాన్ని కుళాయి మూతికి సీసా మూతలా తిప్పి బిగిస్తారు.

దాని లోపల ఏముంది? పైన సన్నని రంధ్రాలున్న బిళ్ల, కింద జల్లెడలాంటి వల. నీరంతా ఆ రంధ్రాల్లోంచే దూరాలి. గొట్టంలోని ఒత్తిడి వెనకనుంచి నెడుతూ ఉంటుంది కనుక నీరు సన్నని తీగలుగా, వేగంగా చిమ్ముతుంది. బస్సు జోరుగా పోతే రోడ్డు పక్కనున్న దుమ్మూ, కాగితం ముక్కలూ దాని వెంట పరుగెత్తడం మీరు చూసే ఉంటారు. అలాగే ఈ నీటి తీగలు చుట్టూ ఉన్న గాలిని తమతో లాక్కుపోతాయి. ఆ చోటు నింపడానికి బయటిగాలి సందుల్లోంచి లోపలికి వస్తుంది. నీరూ గాలీ వలలో కలిసిపోయి తెల్లని బుడగల ధారగా దిగుతాయి.

నీటిని ఆదా చేసేది గాలి అని చాలామంది అనుకుంటారు. కాదు, సన్న రంధ్రాలే. గాలి ధారను లావుగా, మెత్తగా ఉంచుతుంది, గిన్నెకు తగిలి చిందకుండా చూస్తుంది. అందుకే నిమిషానికి 12 లీటర్లు పడేచోట 6 లీటర్లే పడుతున్నా చేతికి ఆ తేడా అంతగా తెలియదు.

2024 వేసవిలో బెంగుళూరులో ఎన్నో బోరుబావులు ఎండిపోయాయి. జనం ట్యాంకర్ల కోసం బిందెలతో బారులు తీరారు. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కావేరి నీటిని దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో అంచెలంచెలుగా ఎత్తిపొయ్యాలి. ఆ మార్చిలో అక్కడి జలమండలి హోటళ్లు, వ్యాపార సంస్థల వంటి చోట్ల కుళాయిలకు ఏరేటర్లు బిగించి తీరాలని ఉత్తర్వు చేసింది. హైదరాబాదుకూ కృష్ణా నీరు 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసే వస్తుంది. అలాంటి ఊళ్లలో లీటరు నీరు మిగిలితే దాన్ని ఎత్తిపోసే కరెంటూ మిగిలినట్టే.

అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 20 లీటర్ల బకెట్టు ఏరేటర్ ఉన్నా 20 లీటర్లే పడుతుంది. నిండడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంతే! బకెట్టూ చెంబుతో స్నానం చేసే ఇంట్లో స్నానాలగది కుళాయికి ఏరేటర్ కొనడం దండగ. వంటింటి సింకుకూ, చేతులు కడుక్కునే బేసినుకూ కొనండి. మీది బోరు నీరైతే అందులోని సున్నం వలకు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడప్పుడు విప్పి నిమ్మరసంలో నానబెడితే ఆ పులుపుకు సున్నం కరిగిపోతుంది.

ఇక మరుగుదొడ్డి సంగతి. 1980లో ఆస్ట్రేలియాలో బ్రూస్ థాంప్సన్ అనే ఆయన రెండు మీటల ఫ్లష్ ట్యాంకు తయారుచేశాడు. ఒక మీట నొక్కితే 11 లీటర్లు, రెండోది నొక్కితే అందులో సగం. ఇప్పుడు 6, 3 లీటర్లతో పనిచేసేవి దొరుకుతున్నాయి. మీ ఇంట్లో పాత పెద్ద ట్యాంకు ఉంటే, పెద్దల సాయంతో లీటరు సీసాను నీళ్లతో నింపి, మూత బిగించి, లోపలి తేలుడుగుండుకు అడ్డు రాకుండా అందులో నిలబెట్టండి. సీసా ఆక్రమించినంత చోటులో నీరు పట్టదు కనుక ప్రతిసారీ దాదాపు ఒక లీటరు మిగులుతుంది. ఆ తర్వాత రెండుసార్లు నొక్కవలసి వస్తోందా? అయితే సీసా తీసెయ్యండి, లాభం లేదు.

ట్యాంకులో నాలుగు చుక్కల నీలం సిరా కూడా వేసి చూడండి. అరగంటసేపు ఎవరూ మీట నొక్కకూడదు. అయినా కింద గిన్నెలో నీలిరంగు కనిపించిందంటే లోపలి వాషరు అరిగిపోయి, రాత్రీపగలూ నీరు చప్పుడు లేకుండా కారుతోందన్నమాట.