పట్టేసే యాక్సిలరేటర్ - ఇద్దరు దొంగలు

అమెరికాలో మన తెలుగు విద్యార్థుల మధ్య పాత కార్లు చేతులు మారే పద్ధతి మీకు తెలిసిందే. నేను ఎమ్మెస్ చదివే రోజుల్లో ఒక సీనియర్ దగ్గర కొన్న 2001 మోడల్ కారు ఇన్నాళ్ళూ నాతోనే ఉంది. ఆ మధ్య హేవర్డ్‌లో ఎమ్మెస్‌కి చేరిన ఒక కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, ఆ కారు ఎవరికీ మాట ఇవ్వకు, నేను తీసుకుంటా" అన్నాడు. సరేనన్నాను. కానీ దానికో జబ్బు ఉంది. ఆగి ఉన్న కారుని కదిలిద్దామని యాక్సిలరేటర్ తొక్కితే మొదట కదలదు. ఇంకాస్త బలంగా తొక్కితే ఒక్కసారిగా ఊడివచ్చి కారు ముందుకి దూకుతుంది. నాకు అలవాటైపోయింది. రోజూ నడిపే కారు జబ్బు మనకి జబ్బులా కనిపించదు. కొత్తగా లైసెన్సు తీసుకున్న కుర్రాడికి మాత్రం అలా ఇవ్వలేం కదా! అందుకని ఒక శనివారం ఫ్రీమాంట్‌లో మా ఇంటి ముందే బానెట్ ఎత్తాను. ఆ రోజు నేర్చుకున్నదీ, దాదాపు చేయబోయిన పొరపాటూ ఈ వ్యాసం.

థ్రాటిల్ అంటే ఏమిటి?

యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్‌లోకి పెట్రోలు ఎక్కువ పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మన కాలు అదుపు చేసేది గాలిని. ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టంలో ఒక గుండ్రటి లోహపు బిళ్ళ, మధ్యలో ఇరుసు మీద తలుపులా తిరుగుతూ ఉంటుంది. అదే థ్రాటిల్. బిళ్ళ ఎంత తెరుచుకుంటే అంత గాలి. ఆ గాలిని కొలిచి, దానికి తగినంత పెట్రోలు చిమ్మించే పని కారులోని కంప్యూటర్ చూసుకుంటుంది.

ఇప్పటి కార్లలో పెడల్‌కీ ఈ బిళ్ళకీ మధ్య ఉండేవి కరెంటు తీగలు, ఒక చిన్న మోటారు. పాత కార్లలో మాత్రం మన సైకిల్ బ్రేకు వైరు లాంటి ఉక్కు వైరు ఉంటుంది. పైన తొడుగు, లోపల సన్నటి పోగులు పేనిన తీగ. పెడల్ తొక్కితే వైరు లాగుతుంది, బిళ్ళ తెరుచుకుంటుంది. కాలు తీస్తే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది.

అమెరికాలో దీనికో ప్రమాణం ఉంది. ఫెడరల్ మోటారు వాహనాల భద్రతా ప్రమాణాల్లో 124వది, 1973 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. డ్రైవరు కాలు తీసిన తర్వాత థ్రాటిల్ మామూలు కార్లలో 1 సెకనులో ఐడిల్ స్థితికి తిరిగి రావాలి. గడ్డకట్టే చలిలో 3 సెకన్ల వరకూ వెసులుబాటు ఉంది. అలా వెనక్కి తెచ్చే శక్తి కనీసం రెండు చోట్ల నుంచి రావాలి. అంటే ఒక స్ప్రింగు విరిగినా రెండోది ఉండాలన్నమాట. మన సర్వర్లకి బ్యాకప్ పెట్టుకున్నట్టే.

అనుమానితుల జాబితా

యాక్సిలరేటర్ పట్టేయడంలో రెండు రకాలున్నాయి. మూసిన చోట పట్టేయడం ఒకటి, తెరిచిన చోట పట్టేయడం రెండోది. మొదటిది చిరాకు, పార్కింగ్ లాట్‌లో ప్రమాదం కూడా. రెండోది ప్రాణం మీదకి వస్తుంది. అది ఉందని అనుమానం వచ్చినా కారు నడపకూడదు.

దేన్ని అనుమానించాలి? కాలి కింద పరిచిన మ్యాటు పెడల్ మీదకి జరిగి ఉండవచ్చు. పెడల్ ఇరుసు బిగుసుకుని ఉండవచ్చు. వైరు లోపల తుప్పు పట్టి, లేదా పోగులు తెగి ఉండవచ్చు. చాలా పాత కార్లలో క్రూజ్ కంట్రోల్‌కి విడిగా ఇంకో వైరు ఉంటుంది, అది కూడా అదే బిళ్ళని లాగుతుంది. చివరగా ఆ బిళ్ళ చుట్టూ జిడ్డు, లేదా దాని స్ప్రింగు.

ఇన్ని ఉన్నప్పుడు కంప్యూటర్ వాళ్ళం ఏం చేస్తాం? మధ్యకి కోసి, తప్పు ఏ సగంలో ఉందో చూస్తాం. దీన్నే బైనరీ సెర్చ్ అంటారు. కారులో కోయాల్సిన చోటు వైరు చివర.

ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. ముందు మ్యాటు తీసేశాను. తేడా లేదు. తర్వాత థ్రాటిల్ ముందున్న గాలి గొట్టం ఊడదీశాను. బిళ్ళని తిప్పే లీవర్ని చేత్తో కొంచెం తెరిస్తే వైరు వదులవుతుంది, అప్పుడు దాని కొసని సులువుగా తప్పించవచ్చు. క్రూజ్ వైరు కూడా అలాగే తప్పించాను. ఇక లీవర్ ఒంటరి. చేత్తో తిప్పితే మూసిన చోట గట్టిగా పట్టుకుంది, కాస్త బలం పెడితే 'టక్' మని ఊడింది. దొంగ దొరికాడు!

బిళ్ళ అంచు చుట్టూ నల్లటి జిడ్డు. ఇది ఎక్కడిది? ఇంజన్ అడుగున చేరే నూనె ఆవిర్లని బయటికి వదలకుండా, మళ్ళీ ఇంజన్ పీల్చే గాలిలోకే పంపే ఏర్పాటు ఉంటుంది. ఆ నూనె ఏళ్ళ తరబడి బిళ్ళ అంచున పేరుకుని, వేడికి జిగురులా గట్టిపడుతుంది. అప్పుడు బిళ్ళ గొట్టానికి అంటుకుంటుంది. మన కాలు బలం పెంచుతూ పోతుంది, అతుకు వదలగానే ఆ బలమంతా ఒక్కసారి బిళ్ళని తెరిచేస్తుంది. కారు దూకడానికి కారణం ఇదే.

థ్రాటిల్ బాడీ క్లీనర్ అని అడిగితే ఆటో పార్ట్స్ షాపులో డబ్బా ఇస్తారు. కార్బురేటర్ క్లీనర్ కొనకండి. కొన్ని థ్రాటిళ్ళకి లోపల పూత ఉంటుంది, అది పాడవుతుంది. మెత్తటి గుడ్డ మీద క్లీనర్ చల్లి తుడవాలి. గీకకూడదు. ఐడిల్ స్టాప్ స్క్రూని కదపకూడదు. ఆరుబయట, చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు పెట్టుకునే చేయాలి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. మీది మోటారుతో తిరిగే కొత్తరకం థ్రాటిల్ అయితే చేత్తో బలవంతంగా తిప్పకండి. ఆ పని మెకానిక్‌కే వదిలేయడం మంచిది.

తుడిచాక లీవర్ వెన్నలా కదిలింది. వైర్లు తగిలించి ఇంజన్ స్టార్ట్ చేస్తే, లోపల మిగిలిన క్లీనర్ వల్ల ముందు కాస్త మొరాయించి, తర్వాత దారిన పడింది. ఆ సాయంత్రం మిషన్ బులవార్డ్ మీద రెండు రౌండ్లు వేశాను. దూకుడు పోయింది. కుర్రాడికి ఫోన్ చేసి, "తమ్ముడూ, రేపొచ్చి తీసుకెళ్ళు" అన్నాను.

రెండో దొంగ

మర్నాడు కుర్రాడు వచ్చాడు. నేను చేసిన ఘనకార్యం చూపిద్దామని, ఇంజన్ ఆపి ఉండగానే వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, "ఫుల్లుగా తొక్కి వదులు" అన్నాను. బానెట్ కింద నేను లీవర్ని చూస్తున్నాను. వాడు తొక్కాడు, వదిలాడు. లీవర్ వెనక్కి వస్తూ వస్తూ, పావు వంతు తెరిచి ఉండగానే ఆగిపోయింది!

"అన్నా, వదిలేశాను" అన్నాడు వాడు లోపల్నుంచి.

వైరుని మళ్ళీ తప్పిస్తే లీవర్ టక్కున మూసుకుంది. అంటే ఈసారి తప్పు రెండో సగంలో ఉంది. పెడల్ దగ్గర టార్చి వేసి చూస్తే, వైరు పోగులు రెండు తెగి, ముళ్ళలా పైకి లేచి ఉన్నాయి. పెడల్ పూర్తిగా తొక్కితే ఆ ముళ్ళు తొడుగు అంచుకి తగులుకుంటున్నాయి. ఊళ్ళో తిరిగేటప్పుడు నేను ఎప్పుడూ అంత తొక్కను. కానీ 880 ఫ్రీవే ఎక్కే ర్యాంపు మీద, పక్కన లారీలు దూసుకొస్తుంటే, కొత్త డ్రైవరు తొక్కేది అంతే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నా పొరపాటు ఎక్కడ? బైనరీ సెర్చ్ దొంగ ఒక్కడే అయినప్పుడు సరిపోతుంది. ఒక సగంలో తప్పు దొరగ్గానే రెండో సగాన్ని నేను నిర్దోషిగా వదిలేశాను. పైగా పెడల్ తొక్కినప్పుడు ఎలా ఉందో చూశానే గానీ, వదిలినప్పుడు తిరిగి వస్తోందా అని చూడలేదు. ప్రమాణం అడిగేది తిరిగి రావడం గురించే.

పెద్దవాళ్ళకీ ఈ చిక్కు తప్పలేదు. 1984 నుంచి 2010 ఏప్రిల్ దాకా మా ఫ్రీమాంట్‌లో న్యూమి కర్మాగారం ఉండేది. జనరల్ మోటార్స్, టొయోటా కలిసి పెట్టినది. ఇప్పుడు ఆ ఆవరణలో టెస్లా కార్లు తయారవుతున్నాయి. న్యూమి మూతపడే రోజుల్లోనే టొయోటాకి యాక్సిలరేటర్ గొడవ వచ్చింది. 2009లో మ్యాట్లు పెడల్‌ని పట్టేస్తున్నాయని రీకాల్ చేశారు. 2010 జనవరిలో, అరిగిన పెడల్ భాగాలు పట్టేస్తున్నాయని అమెరికాలో దాదాపు 23 లక్షల వాహనాలకి మరో రీకాల్. బాధ ఒకటే, కారణాలు రెండు. మూడో కారణం ఎలక్ట్రానిక్స్‌లో ఉందేమోనని నాసా ఇంజనీర్లు కూడా వెతికారు. అలాంటిదేమీ కనబడలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది.

దారిలో పట్టేస్తే?

కారు దానంతటదే పరిగెడుతుంటే బ్రేకుని ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టి ఉంచండి. పదే పదే తొక్కి వదలకండి. బ్రేకుకి బలమిచ్చే బూస్టర్ ఇంజన్ పీల్చే శూన్యం మీద పనిచేస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటే ఆ శూన్యం ఉండదు, నిల్వ ఉన్నది ఒకటి రెండు తొక్కుళ్ళకే అయిపోతుంది. వెంటనే గేరు న్యూట్రల్‌లో వేయండి. ఇంజన్ అరుస్తుంది, అరవనివ్వండి. పక్కకి తీసి ఆగాకే ఇంజన్ ఆపండి. కదులుతుండగా తాళంచెవి పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ అయ్యే ప్రమాదముంది.

కుర్రాడు ఆ రోజు బస్సులోనే వెనక్కి వెళ్ళాడు. వారం తర్వాత, మెకానిక్ కొత్త వైరు వేశాక, మళ్ళీ వచ్చాడు. ఈసారి నేను చెప్పకుండానే సీట్లో కూర్చుని, ఇరవైసార్లు ఫుల్లుగా తొక్కి వదిలి, "అన్నా, వస్తోందా?" అని ప్రతిసారీ అడిగాడు. ప్రతిసారీ వచ్చింది. తాళాలు అప్పుడు ఇచ్చాను.

మీ దగ్గర పాత కారు ఉంటే, ఇంజన్ ఆపి ఉండగా ఈ వారమే ఒకసారి ఇలా చూడండి. ఇద్దరు మనుషులు, ఐదు నిమిషాలు చాలు.